గోడ రంగు చివర్లో చూద్దాం: ఇల్లు సర్దుకునేటప్పుడు ఏది ముందు, ఏది మేలు

ఇల్లు కొత్తగా సర్దుకుందామనుకున్న వాళ్ళు మొట్టమొదట అడిగే ప్రశ్న ఒకటే: "హాల్లో గోడలకి ఏ రంగు వేయిస్తే బాగుంటుంది?" నేనూ అక్కడే మొదలుపెట్టాను. లేత ఆకుపచ్చ నచ్చింది, వేయించేశాను. ఆ తర్వాత సోఫా కోసం తిరగడం మొదలైంది. నచ్చిన గుడ్డ ఆ పచ్చ పక్కన వెలవెలబోయేది. గోడకి నప్పిన గుడ్డ మీద కూర్చోబుద్ధి అయ్యేది కాదు. మూడు నెలలు ప్లాస్టిక్ కుర్చీలతో నెట్టుకొచ్చి, చివరికి నచ్చిన సోఫా కొనుక్కుని, గోడకి మళ్ళీ రంగు వేయించాను.

అప్పుడు బుర్రకెక్కిన లెక్క ఇది. రంగులు వేల ఛాయల్లో ఉంటాయి, ఎలా కావాలంటే అలా కలిపిస్తారు. సోఫా గుడ్డల్లో మాత్రం మనకి నిజంగా నచ్చేవి రెండో మూడో ఉంటాయి. తక్కువ రకాలు దొరికేదాన్ని ముందు ఎంచుకుని, ఎక్కువ దొరికేదాన్ని దానికి తగ్గట్టు కలుపుకోవాలి. ఇంకొకటి, తప్పు చేస్తే సరిదిద్దుకోవడం ఎంత కష్టమో చూసుకోవాలి. గచ్చు మార్చాలంటే ఇల్లంతా ఖాళీ చేయాలి. గోడ రంగు మార్చాలంటే రెండు మూడు రోజుల పని. అందుకే ఇక్కడ కూడా రంగు సంగతి అట్టడుగునే వస్తుంది. ఎంచుకోవడం చివర అన్నానే గానీ, వేయించడం మాత్రం సామాను ఇంట్లోకి రాకముందే జరగాలి. సోఫా గుడ్డ ముక్క, కర్టెన్ గుడ్డ ముక్క చేతిలో ఉంటే చాలు, రంగు తేల్చుకోవచ్చు.

గచ్చు: మెరిసేదా, మెరవనిదా?

మెరిసే టైల్స్ వెలుతురుని తిప్పికొడతాయి కాబట్టి గది విశాలంగా, శుభ్రంగా కనిపిస్తుంది. కానీ తడి పడితే జారతాయి. నీళ్ళ మరకలు, పాదాల గుర్తులు కూడా వాటి మీదే ఎక్కువ తెలుస్తాయి. మెరుపు లేని మ్యాట్ టైల్ కాలికి పట్టు ఇస్తుంది. మరీ గరుకుదైతే ఆ గరుకులో మురికి ఇరుక్కుంటుంది, కాబట్టి అరచేత్తో రాసి చూసి తీసుకోండి. హాలుకి రెండిట్లో ఏదైనా పర్లేదు. స్నానాల గదికి, వంటింటికి మ్యాట్ తప్ప వేరే ఆలోచన వద్దు. పెద్దవాళ్ళుంటే మరీనూ.

చెక్క గచ్చు కావాలనుకునేవాళ్ళు ఒక్క మాట గుర్తుపెట్టుకోవాలి. అసలు చెక్కని గీతలు పడ్డాక రుద్ది మళ్ళీ కొత్తగా చేసుకోవచ్చు. లామినేట్ పైన ఉండేది చెక్క బొమ్మ అచ్చేసిన పొర, దాన్ని రుద్దలేం. నీళ్ళు నిలిస్తే దాని అంచులు ఉబ్బుతాయి, ఉబ్బినవి మళ్ళీ అణగవు. రోజూ బకెట్టు నీళ్ళతో తుడిచే అలవాటున్న ఇంటికి లామినేట్ సరిపడదు.

టైల్స్ మధ్య సందుల్లో నింపే పొడికి తెలుపు ఎంచుకోకండి. టైల్ రంగు కంటే ఒక్క ఛాయ ముదురుది తీసుకుంటే ఏళ్ళు గడిచినా మాసినట్టు కనిపించదు.

సోఫా: ఎల్ ఆకారందా, విడి విడిగానా?

ఎల్ సోఫా షోరూంలో చూస్తే మనసు లాగేస్తుంది. అందరూ కాళ్ళు చాపుకుని ఒకే వైపు తిరిగి టీవీ చూసే ఇంటికి దాన్ని మించింది లేదు. కానీ దానికో మొండితనం ఉంది. ఎడమకి మలుపు తిరిగింది కొంటే కుడికి తిప్పలేం. సరిగ్గా మూలలో కూర్చున్నవాళ్ళకి కాళ్ళు పెట్టుకునే చోటుండదు, కాబట్టి ఆరుగురికని చెప్పి అమ్మినదాంట్లో హాయిగా కూర్చునేది ఐదుగురే. ఎదురెదురుగా కూర్చుని కబుర్లు చెప్పుకోవడానికీ అది అంత వీలు కాదు.

అద్దె ఇళ్ళలో ఉంటూ రెండు మూడేళ్ళకోసారి మారేవాళ్ళకి నా ఓటు విడి వాటికే: మూడు సీట్ల సోఫా ఒకటి, చేతులున్న కుర్చీలు రెండు. గది ఆకారం మారినా అవి సర్దుకుపోతాయి. పదిమంది వచ్చిన రోజు కుర్చీని వేరే గదిలోంచి లాక్కోవచ్చు, పని అయ్యాక మళ్ళీ అక్కడే పెట్టేయొచ్చు.

ఏది కొన్నా ముందు నేల మీద పరుచుకుని చూడండి. పాత వార్తాపత్రికలు గానీ, మాస్కింగ్ టేప్ గానీ తీసుకుని సోఫా పొడవు వెడల్పులు అచ్చంగా గుర్తు పెట్టి, రెండు రోజులు దాని చుట్టూ తిరగండి. నడిచే దారి 30 అంగుళాలకి తగ్గితే ఇరుకు తెలుస్తుంది, 36 ఉంటే హాయిగా నడవొచ్చు. సోఫాకీ టీపాయ్‌కీ మధ్య 16 నుంచి 18 అంగుళాలు చాలు. అంతకంటే దగ్గరైతే మోకాళ్ళు కొట్టుకుంటాయి, దూరమైతే కప్పు అందుకోవడానికి లేవాల్సి వస్తుంది. టీపాయ్ ఎత్తు సీటుతో సమానంగానో, ఒకటి రెండు అంగుళాలు తక్కువగానో ఉండాలి. ఇవన్నీ అయ్యాక గుమ్మం వెడల్పు, మెట్ల మలుపు, లిఫ్టు లోపలి కొలత కూడా రాసుకోండి. గదిలో చక్కగా పట్టే సోఫా గుమ్మంలో పట్టక కింద వరండాలో నిలబడిపోతే ఆ టెన్షన్ మామూలుగా ఉండదు.

ఇక పైన ఏమి ఉండాలి? గుడ్డ, అసలు లెదర్, రెగ్జిన్, మూడిట్లో రెగ్జిన్‌ని నేను ఇంట్లోకి రానివ్వను. కొత్తలో లెదర్‌లాగే ఉంటుంది, తుడుచుకోవడం తేలిక. కొన్నేళ్ళు గడిచాక చేతులు, తల ఆనే చోట పొరలు పొరలుగా రాలుతుంది, దానికి మరమ్మతు లేదు. అసలు లెదర్ వాడేకొద్దీ మెత్తబడుతుంది, గీతలు పడినా అదో అందం. కానీ నేరుగా ఎండ తగిలే చోట ఎండిపోయి పగుళ్ళు వస్తాయి. పెంపుడు పిల్లి ఉన్న ఇంట్లో రెండిటి బతుకూ అంతంతమాత్రమే. చిన్నపిల్లలుంటే జిప్పు తీసి ఉతుక్కునే గుడ్డ కవర్లున్నది మంచిది. అమ్మేవాళ్ళని గుడ్డకి మార్టిన్‌డేల్ సంఖ్య ఎంతని అడగండి. గుడ్డ ఎన్ని రాపిళ్ళకి తట్టుకుంటుందో చెప్పే కొలత అది. రోజూ వాడే సోఫాకి 20,000 పైన ఉంటే నిశ్చింత. ఫోమ్‌కి డెన్సిటీ అడగండి, సీటుకి ఘనపు మీటరుకి 32 కిలోల నుంచి 40 కిలోల మధ్య ఉంటే తొందరగా గుంట పడదు. డెన్సిటీ వేరు, గట్టిదనం వేరు. మెత్తగా ఉండి ఎక్కువ డెన్సిటీ ఉన్న ఫోమ్ కూడా ఉంటుంది, కాబట్టి నొక్కి చూసి డెన్సిటీ తెలిసిపోయిందనుకోవద్దు.

అల్మరాలు

ప్లైవుడ్‌కీ, చెక్క పీచుని జిగురుతో నొక్కి చేసే ఎండీఎఫ్ పలకకీ మధ్య తేల్చుకోలేకపోతుంటే నీళ్ళెక్కడున్నాయో చూడండి. సింక్ కింద, స్నానాల గదిలో, చెమ్మ గోడని ఆనుకుని పెట్టే పెట్టెలకి నీటిని తట్టుకునే ప్లైవుడ్డే పెట్టాలి. ఎండీఎఫ్ నీళ్ళు పీలిస్తే అటుకుల్లా ఉబ్బుతుంది. కానీ పెయింట్ వేసే తలుపులకి, చెక్కుడు డిజైన్లకి ఎండీఎఫ్ నున్నదనం ప్లైవుడ్‌కి రాదు. లోపల ప్లైవుడ్, పైన కనిపించే తలుపు ఎండీఎఫ్, ఇలా రెండూ కలిపి వాడుకోవడంలో తప్పేం లేదు. కబ్జాలు ఎక్కువ బరువు మోసే చోట మాత్రం ప్లైవుడ్ స్క్రూని గట్టిగా పట్టుకుంటుంది.

తలుపులు లేని షెల్ఫులు ఫోటోల్లో బాగుంటాయి. ఫోటోలో దుమ్ము కనిపించదు కదా. మూడింట రెండు వంతులు తలుపులతో, ఒక వంతు తెరిచి పెట్టుకుంటే చూడ్డానికి నాలుగు వస్తువులుంటాయి, దాచడానికి నలభై.

వెలుతురు: ఇక్కడే ఎక్కువమంది బోల్తా పడేది

బల్బు కొనేటప్పుడు అందరం వాట్లు చూస్తాం. వాటు అనేది బల్బు తినే కరెంటు లెక్క. అది ఇచ్చే వెలుతురుకి లెక్క ల్యూమెన్లలో ఉంటుంది. పాత 60 వాట్ల గాజు బల్బు ఇచ్చేది సుమారు 800 ల్యూమెన్లు, ఎల్ఈడీ ఆ వెలుతురుని 8 నుంచి 10 వాట్లలోనే ఇచ్చేస్తుంది.

అసలు పోలిక తెల్ల లైటుకీ పసుపు లైటుకీ మధ్య. పెట్టె మీద కెల్విన్ సంఖ్య ఉంటుంది. 2700 అంటే పాత బల్బులాంటి పసుపు వెలుగు, 3000 దాని కంటే కాస్త తేట, 4000 పసుపూ నీలమూ కాని తెలుపు, 6500 నీలి ఛాయ ఉన్న తెలుపు. "పసుపు లైటులో చీకటిగా ఉంటుంది" అని చాలామంది 6500 పెట్టించుకుంటారు. చీకటికి కారణం రంగు కాదు, ల్యూమెన్లు చాలకపోవడం. రెండు 2700 బల్బులు పెట్టి చూడండి, తేడా మీకే తెలుస్తుంది. పడక గదికి 2700, హాలుకి 2700 లేదా 3000, కూరగాయలు తరిగే చోటికీ చదువుకునే బల్లకీ 4000 నా సిఫార్సు. 6500 వెలుగులో రాత్రిపూట ఇల్లు ఆఫీసులా కనిపిస్తుంది, మనుషుల మొహాలు పాలిపోయినట్టుంటాయి. ఒకే గదిలో రెండు రకాల తెలుపులు కలపకండి. పైన 6500 ట్యూబ్‌లైటు, పక్కన 2700 టేబుల్ ల్యాంపు ఉంటే రెండూ చెడతాయి.

పెట్టె మీద సీఆర్‌ఐ అని ఇంకో సంఖ్య ఉంటుంది, 100కి ఎంత దగ్గరగా ఉంటే వస్తువుల రంగులు అంత నిజంగా కనిపిస్తాయి. మామూలు బల్బులు 80 దగ్గర ఉంటాయి. అద్దం దగ్గర, బట్టల అల్మరా దగ్గర 90 ఉన్నది పెట్టుకుంటే ముదురు నీలం చొక్కా నల్లదనుకుని వేసుకెళ్ళే బాధ తప్పుతుంది.

సీలింగ్ మధ్యలో ఒక్కటే పెద్ద లైటా, చిన్నవి నాలుగా అంటే చిన్నవే. పైనుంచి ఒక్క లైటు పడితే కళ్ళ కింద నీడలు, మూలల్లో చీకటి. సోఫా పక్కన నిలబెట్టే ల్యాంపు ఒకటి, షెల్ఫు మీద చిన్నది ఒకటి పెట్టి చూడండి, కొత్త సామాను ఒక్కటీ కొనకుండానే గది మారిపోతుంది. డైనింగ్ టేబుల్ మీద వేలాడే లైటు కావాలంటే, బల్ల పైనుంచి 30 అంగుళాల నుంచి 36 అంగుళాల ఎత్తులో ఉండాలి. వెలుతురుని పెంచుకుని తగ్గించుకునే డిమ్మర్ స్విచ్ పెట్టించే ఆలోచనుంటే, బల్బు మీద డిమ్మర్‌కి పనికొస్తుందని రాసి ఉందో లేదో చూసుకోండి. కొన్ని ఎల్ఈడీలు దానికి పనికిరావు, మిణుకు మిణుకుమంటాయి.

కర్టెన్లా, బ్లైండ్సా?

కిటికీ చిన్నదై, కింద బల్లో సింకో ఉంటే రోలర్ బ్లైండ్. పొడుగు కిటికీకి, బాల్కనీ తలుపుకి కర్టెన్. అడ్డపట్టీల బ్లైండ్స్ వెలుతురుని కావాల్సినంత కోసి ఇస్తాయి, మాట నిజమే. కానీ ఒక్కో పట్టీ తుడవాలి, పైనా కిందా. నెలకోసారి ఆ పని చేసే ఓపిక ఉందనుకుంటేనే వాటి జోలికెళ్ళండి.

కర్టెన్‌లో గుడ్డ కంటే రాడ్ ముఖ్యం. కిటికీ చట్రం మీదే రాడ్ బిగిస్తే కిటికీ గూట్లో ఇరుక్కున్నట్టుంటుంది. చట్రానికి జానెడు పైన, ఇంకా వీలైతే సీలింగ్ దగ్గర్లో, రెండు పక్కలా 6 నుంచి 8 అంగుళాలు ఎక్కువ వచ్చేలా బిగించండి. గది ఎత్తు పెరిగినట్టుంటుంది, కర్టెన్ పక్కకి లాగితే గాజు మొత్తం బయటపడి వెలుతురు పూర్తిగా వస్తుంది. గుడ్డ వెడల్పు రాడ్ పొడవుకి రెట్టింపు ఉండాలి. ఒకటిన్నర రెట్లు ఉన్నా సరిపెట్టుకోవచ్చు, అంతకి తగ్గితే దుప్పటి ఆరేసినట్టుంటుంది. పొడవు మాత్రం అరంగుళం ఎడంతో నేలని తాకీ తాకనట్టు ఉండాలి. కిటికీ కింద జానెడు దిగి ఆగిపోయిన కర్టెన్, పొట్టిదైన ప్యాంటులా ఉంటుంది.

నూలు, లినెన్ గుడ్డలు మొదటి ఉతుకులో కుంచించుకుపోతాయి. కుట్టించక ముందే ఒకసారి తడిపి ఆరబెట్టమని చెప్పండి. ఎండ దండిగా పడే కిటికీకి పాలియెస్టర్ కలిసిన గుడ్డో, వెనక లైనింగో ఉంటే రంగు తొందరగా వెలిసిపోదు. పడక గదిలో పల్చటిదా మందపాటిదా అన్న మీమాంస అక్కర్లేదు, రెండు రాడ్లు పెట్టి రెండూ వేసుకోవడమే.

కింద పరిచే రగ్గు

చిన్నదా పెద్దదా అని సందేహం వస్తే పెద్దది. ఈ ఒక్క విషయంలో నేను ఇంతవరకు మనసు మార్చుకోలేదు. టీపాయ్ కింద మాత్రమే పట్టే రగ్గు, గది మధ్యలో ఎవరో మర్చిపోయిన తువ్వాలులా ఉంటుంది. సోఫా ముందు కాళ్ళు, కుర్చీల ముందు కాళ్ళు రగ్గు మీదకి రావాలి. అంత పెద్దది కొనే వీలు లేకపోతే అసలు లేకుండా ఉండటమే నయం. డైనింగ్ టేబుల్ కింద వేస్తే నాలుగు వైపులా 24 అంగుళాలు ఎక్కువ ఉండాలి, లేకపోతే కుర్చీ వెనక్కి లాగిన ప్రతిసారీ కాళ్ళు అంచుకి తట్టుకుంటాయి.

ఉన్ని రగ్గు కొత్తలో నూగు రాలుస్తుంది, తర్వాత తగ్గుతుంది. నొక్కుకుపోయినా మళ్ళీ లేస్తుంది, అందుకే ఏళ్ళు నిలుస్తుంది. జనపనారది చవక, చూడ్డానికి బాగుంటుంది, కానీ పాకే పిల్లల మోకాళ్ళకి గరుకు, నీళ్ళు పడితే మరక ఉండిపోతుంది. నూలుది ఉతుక్కోవచ్చు. పాలీప్రొపిలీన్ అనే ప్లాస్టిక్ దారంది మరకలకి లొంగదు, అడుగులకి మాత్రం త్వరగా అణిగిపోతుంది. ఏదైనా కింద జారకుండా ఉండే ప్యాడ్ వేయండి.

గోడ మీద పటాలు

దాదాపు అందరూ పైకి కొట్టేస్తారు. పటం మధ్య భాగం నేల నుంచి 57 నుంచి 60 అంగుళాల ఎత్తులో ఉంటే మెడ ఎత్తకుండా కనిపిస్తుంది. సోఫా మీదైతే సోఫా వీపుకీ పటానికీ మధ్య జానెడు ఎడం చాలు. చాలా చిన్నవా, ఒక్క పెద్దదా అంటే, మేకులు కొట్టే ముందు కాగితాలు పటాల కొలతకి కత్తిరించి గోడకి అంటించి చూసుకునే ఓపిక ఉంటే చిన్నవి. లేకపోతే సోఫా పొడవులో మూడింట రెండు వంతులుండే పెద్దది ఒకటి.

ఇప్పుడు, గోడ రంగు

రంగు కంటే ముందు మెరుపు తేల్చుకోండి. మ్యాట్ పెయింట్ గోడలోని ఎగుడుదిగుళ్ళని దాచేస్తుంది, కానీ మరకని గట్టిగా రుద్దితే ఆ చోట మెరుపు తేలుతుంది. కొద్దిగా మెరిసే శాటిన్ పెయింట్‌ని తుడుచుకోవచ్చు, కాకపోతే పుట్టీ పని సరిగ్గా లేకపోతే సాయంత్రం పక్క నుంచి వెలుగు పడినప్పుడు ప్రతి గుంటా లెక్కపెట్టుకోవచ్చు. సీలింగ్‌కి మ్యాట్. పిల్లలు చేతులు రాసే వసారాకి, వంటింటికి శాటిన్. తలుపులకి, కిటికీ చట్రాలకి ఇంకాస్త మెరుపున్నది. హాలు గోడ పాతదై వంకరగా ఉంటే మ్యాట్‌లోనే తుడుచుకోగలిగే రకం అడగండి.

"చిన్న గదికి తెలుపే వేయాలి" అనే మాట సగమే నిజం. తెలుపు పని చేయాలంటే వెలుతురు ఉండాలి. కిటికీ లేని మూల గదిలో తెలుపు బూడిద రంగులా దిగాలుగా కనిపిస్తుంది. అలాంటి గదికి ముదురు నీలమో, ఇటుక రంగో వేసి, పసుపు ల్యాంపు పెడితే చిన్నగదే అయినా వెచ్చగా ఉంటుంది. వెలుతురు బాగా వచ్చే చిన్న గదికి మాత్రం తెలుపు సరైనదే. రంగుల కార్డు మీద ఎల్ఆర్‌వీ అని సంఖ్య ఉంటే చూడండి. 0 నుంచి 100 వరకు ఉంటుంది, ఎంత ఎక్కువైతే అంత వెలుతురుని తిప్పి పంపుతుందని అర్థం.

తెలుపుల్లో ఏ తెలుపు? ప్రతి తెలుపులోనూ పసుపో, నీలమో, గులాబీయో కొంచెం కలిసి ఉంటుంది. కార్డు పక్కన మామూలు తెల్ల కాగితం పెట్టండి, దాగి ఉన్న ఛాయ బయటపడుతుంది. గచ్చు, సోఫా పసుపు వైపు మొగ్గితే పసుపు కలిసిన తెలుపు, బూడిద వైపు మొగ్గితే నీలం కలిసిన తెలుపు కలుస్తాయి.

వేలెడంత కార్డు చూసి ఖాయం చేసుకోకండి. రెండడుగుల అట్టకి రెండు కోట్లు వేసి, ఉదయం కిటికీ పక్కన, సాయంత్రం సోఫా వెనక, రాత్రి లైటు కింద పెట్టి చూడండి. పగలు కలిసిన గుడ్డా గోడా రాత్రి లైటులో ఒక్కోసారి కొట్టుకుంటాయి. బల్బుల సంగతి రంగు కంటే ముందు చెప్పింది ఇందుకే. నాలుగు గోడలకీ పడ్డాక రంగు కార్డు మీదకంటే చిక్కగా అనిపిస్తుంది, రెండు ఛాయల మధ్య ఊగుతుంటే లేతది తీసుకోండి.

ఒక్క గోడకే ముదురు రంగు వేయించడం మంచం తలవైపు గోడకి బాగుంటుంది. చూడ్డానికి ఏమీ లేని గోడకి వేస్తే, మిగతా మూడిటికి రంగు చాల్లేదేమో అనిపిస్తుంది. వాల్‌పేపర్ ఆలోచన ఉంటే ముందు గోడ చెమ్మ చూసుకోండి. చెమ్మ ఉంటే వాల్‌పేపర్ వెనక బూజు పడుతుంది, పెయింట్ పొక్కులు లేస్తుంది, అంటే చెమ్మని ఆపకుండా రెండూ దండగే. వాల్‌పేపర్ చుట్టలన్నీ ఒకే బ్యాచ్ నంబరువి తీసుకోండి, వేరు వేరు బ్యాచ్‌ల్లో రంగు కాస్త తేడా వస్తుంది. పెయింట్‌కీ అంతే. ఒకే రంగు డబ్బాలు రెండు మూడు ఉంటే పెద్ద బకెట్లో అన్నీ కలిపేసి వేయమనండి.

మిగిలిన పెయింట్ పారేయొద్దు. చిన్న గాజు సీసాలో అంచుదాకా నింపండి, గాలి తక్కువుంటే పైన తొక్క కట్టదు. సీసా మీద రంగు కోడు, మ్యాటో శాటినో, ఏ గదికి, ఎప్పుడు వేశారో రాసి అంటించండి. మ్యాట్ గోడకి గీత పడితే చిన్న బ్రష్‌తో అక్కడికక్కడ సరిచేసుకోవచ్చు. శాటిన్ అయితే అతుకు తెలుస్తుంది, ఆ గోడ వరకు ఈ మూల నుంచి ఆ మూలకి మొత్తం వేయాల్సిందే.